ఏమీ జరగని పుస్తకం

‘ఇంతకీ ఇందులో ఏం జరుగుతుందిరా?’ నలభై పేజీలు చదివాక మా రూమ్మేట్ అడిగాడు.

‘ఏమీ జరగదు’ అన్నాను.

‘మరి నాకెందుకిచ్చావ్?’ అంటూ పుస్తకాన్ని నా మంచం మీద పడేసి, ఇన్‌స్టా తెరిచాడు.

ఆ పుస్తకం నవీన్ రాసిన ‘అంపశయ్య’. 1969లో వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి జీవితంలో ఒకే ఒక్క రోజు. కథ అంతే. మిగతాదంతా వాడి బుర్రలో నడిచే గోల. చదువు, డబ్బు, అమ్మాయిలు, భయాలు అన్నీ కలగాపులగంగా వచ్చి పోతుంటాయి. చైతన్య స్రవంతి అంటారు ఈ పద్ధతిని. ఈ నవలకి ఎంత పేరొచ్చిందంటే, రచయిత పేరే అంపశయ్య నవీన్ అయిపోయింది.

విమర్శకుల సంగతి సరే. నేను చదవమని ఇచ్చిన నలుగురిలో ముగ్గురు మధ్యలోనే వదిలేశారు. పూర్తి చేసిన మా కజిన్‌కి ఇంకా కోపం. ‘అన్నా, వాణ్ణి లేపి ఏదైనా పని చూసుకోమని చెప్పాలనిపించింది’ అంది.

వాళ్లది తప్పని నేననను. ఆలోచించిందే మళ్లీ ఆలోచిస్తాడు. కొన్నిచోట్ల నాకే విసుగొచ్చింది. ముఖ్యంగా అమ్మాయిల గురించి వాడి ఆలోచనలు చదువుతుంటే, ‘ఇక చాల్లేరా బాబూ’ అనిపిస్తుంది.

కానీ నేను దాన్ని చదివింది బెంచ్ మీదున్నప్పుడు. మూడు నెలలు. జీతం వస్తుంది, ప్రాజెక్టు ఉండదు, ఎప్పుడు పొమ్మంటారో తెలీదు. పొద్దున్నే స్నానం చేసి లాగిన్ అవ్వడం, ఐదు నిమిషాలకోసారి మెయిల్ చూడటం. నాన్న ఫోన్ చేస్తే ‘పని ఫుల్లుగా ఉంది నాన్నా’ అనేవాణ్ణి. ఆ రోజులు ఎలా గడిచాయని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్క సంఘటన లేదు. తల మాత్రం రాత్రి రెండింటిదాకా ఆగేది కాదు. ట్విస్టులున్న నవలలంటే నాకూ ఇష్టమే గానీ, అప్పుడు వాటిలో దేన్నీ పది పేజీలు దాటలేకపోయాను. రవి మాత్రం పక్క మంచం మీద పడుకుని ఉన్నట్టే ఉండేవాడు.

నిజంగా పక్క మంచం మీదున్న మా రూమ్మేట్‌కి ఇదేమీ తెలీదు. లాప్‌టాప్ తెరిచి కూర్చుంటే వర్క్ ఫ్రం హోమ్ అనుకునేవాడు. నోటితో చెప్పలేక పుస్తకం ఇచ్చాను. అందుకే వాడు దాన్ని పడేసినప్పుడు అంత గుచ్చుకుంది. ఒక నవల నచ్చకపోతే ఇంత బాధపడాలా అనుకుంటూనే ఆ రాత్రి వాడితో సరిగ్గా మాట్లాడలేదు.

వారం తర్వాత ఎలాగో వాడికి తెలిసింది. ‘బెంచ్ మీదున్నానని నాకెందుకు చెప్పలేదురా?’ అని గట్టిగానే అరిచాడు.

‘చెప్పాగా. నలభై పేజీలు చదివావు కూడా’ అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత బిర్యానీ ఆర్డర్ పెట్టాడు, డబ్బులు తనే ఇచ్చాడు. మర్నాటి నుంచి ఆఫీసుకెళ్తూ ‘మెయిలేమైనా వచ్చిందా?’ అని అడగడం మొదలుపెట్టాడు. నాకు ప్రాజెక్టు వచ్చేదాకా రోజూ అడిగాడు.

పుస్తకం మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. నలభయ్యో పేజీలో వాడు పెట్టిన బిర్యానీ బిల్లు ఇప్పటికీ అక్కడే ఉంది.