మూలనున్న కంప్యూటర్‌లో పెళ్లి ఫొటోలు!

పాత కంప్యూటర్‌ని పారేయడానికి మనసొప్పదు. అందులో లైనక్స్‌ వేసి పెళ్లి ఫొటోలూ, పిల్లల వీడియోలూ దాచుకునేవాళ్లున్నారు. విండోస్‌ ల్యాప్‌టాప్‌ నుంచి వాటిని చూడబోతేనే చిక్కు. ఆ ఫోల్డర్‌ని ఎన్‌ఎఫ్‌ఎస్‌ పద్ధతిలో పంచితే విండోస్‌ దానికేసి కన్నెత్తి చూడదు.

ఎన్‌ఎఫ్‌ఎస్‌ అంటే నెట్‌వర్క్‌ ఫైల్‌ సిస్టమ్‌. సన్‌ మైక్రోసిస్టమ్స్‌ 1984లో తెచ్చింది. వేరే కంప్యూటర్‌లోని ఫైళ్లు మన డిస్కులోనే ఉన్నట్టు చూపించడం దీని పని. యూనిక్స్‌, లైనక్స్‌లకు ఇది ఇంటి భాష. విండోస్‌ది ఎస్‌ఎంబీ అనే మరో భాష. అయినా ఎన్‌ఎఫ్‌ఎస్‌ వచ్చిన దుబాసీ ఒకడు విండోస్‌లోనే ఉంటాడు, నిద్రపోతూ! లేపితే చాలు.

స్టార్ట్‌ మెనూలో 'టర్న్‌ విండోస్‌ ఫీచర్స్‌ ఆన్‌ ఆర్‌ ఆఫ్‌' అని వెతికితే ఓ జాబితా తెరుచుకుంటుంది. అందులో 'సర్వీసెస్‌ ఫర్‌ ఎన్‌ఎఫ్‌ఎస్‌' పక్కనున్న ప్లస్‌ గుర్తు నొక్కి, 'క్లయింట్‌ ఫర్‌ ఎన్‌ఎఫ్‌ఎస్‌'కు టిక్‌ పెట్టి ఓకే చేయాలి. జాబితాలో ఆ పేరే లేకపోతే అది హోమ్‌ ఎడిషన్‌ అయ్యుంటుంది. అప్పుడు లైనక్స్‌ వైపే సాంబా వేసుకోవడం తేలిక.

ఇక కమాండ్‌ ప్రాంప్ట్‌లో మౌంట్‌ కమాండ్‌తో ఆ ఫోల్డర్‌కి 'జడ్‌' లాంటి డ్రైవ్‌ అక్షరం ఇవ్వాలి. ప్రాంప్ట్‌ని మామూలుగానే తెరవాలి సుమా. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మౌంట్‌ చేస్తే, ఆ డ్రైవ్‌ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించకపోవచ్చు.

ఫొటోలు కనిపిస్తాయి, కొత్తవి చేర్చబోతే మాత్రం 'అనుమతి లేదు' అంటుంది. ఎందుకంటే, మామూలు అమరికలో ఎన్‌ఎఫ్‌ఎస్‌ మనిషిని పేరుతో కాదు, అంకెతో గుర్తిస్తుంది. చాలా లైనక్స్‌లలో మొదటి యూజర్‌ అంకె 1000. విండోస్‌ మాత్రం అనామకుడిగా మైనస్‌ 2 అని చెప్పుకుంటుంది! రిజిస్ట్రీలోని 'క్లయింట్‌ ఫర్‌ ఎన్‌ఎఫ్‌ఎస్‌' విభాగంలో అనానిమస్‌ యూఐడీ, జీఐడీ విలువలు చేర్చి, అక్కడ ఆ లైనక్స్‌ యూజర్‌ అంకెలే ఇచ్చి రీస్టార్ట్‌ చేస్తే సరి. రిజిస్ట్రీ కొత్తయితే తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది.

గమనించారా, ఇంతసేపూ పాస్‌వర్డ్‌ మాటే రాలేదు! 'నేనే 1000' అని ఎవరు చెప్పినా ఆ పాత కంప్యూటర్‌ నమ్మేస్తుంది. కాబట్టి దానిలోని ఎక్స్‌పోర్ట్స్‌ ఫైల్లో ఇంటి ల్యాప్‌టాప్‌ ఐపీ చిరునామా ఒక్కదానికే అనుమతివ్వాలి. రౌటర్‌లో 2049 పోర్టును ఇంటర్నెట్‌కు అస్సలు తెరవకూడదు.

ఇంకొకటి. జడ్‌ డ్రైవ్‌లో చెరిపిన ఫొటో రీసైకిల్‌ బిన్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. పిల్లల చేతికి మౌస్‌ ఇచ్చేముందే ఆ ఫోల్డర్‌ మొత్తాన్నీ విడిగా ఓ హార్డ్‌డిస్కులోకి ఎక్కించేయండి.