ప్రోత్సాహం ఎవరికి కావాలి?

మొన్న మార్చి 8న ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు సభకి పిలిచారు. 'అమ్మాయిల్ని సైన్సు, ఇంజనీరింగ్ రంగాల్లోకి ప్రోత్సహిస్తూ నాలుగు మాటలు చెప్పండి మేడమ్' అన్నారు. సభ మాత్రం ఆరింటిలోగా ముగించాలట. ఆరున్నరకి అమ్మాయిల హాస్టల్ గేటుకి తాళం పడుతుంది. అదే ఆవరణలో లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబ్ రాత్రి పది దాకా తెరిచే ఉంటాయి. ఎవరి కోసమో వేరే చెప్పాలా?

స్త్రీలకి విజ్ఞానశాస్త్రం మీద ఆసక్తి తక్కువనీ, లెక్కలంటే భయమనీ, అందుకే వాళ్ళని ప్రోత్సహించాలనీ ఒక వాదన ఉంది. వినడానికి మంచిమాటలాగే ఉంటుంది. కానీ లోపం ఆడపిల్లలోనే ఉందని అది ముందే తీర్మానించేస్తుంది. చరిత్ర అలా చెప్పడం లేదు.

1933లో కమలా భగవత్ బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరడానికి వెళ్తే, డైరెక్టరు సి.వి. రామన్ ఆమె స్త్రీ అన్న కారణంతో కాదన్నారు. ఆమె అక్కడే సత్యాగ్రహానికి దిగింది. చివరికి ఏడాదిపాటు షరతుల మీద చేర్చుకున్నారు. 1939లో ఆమె కేంబ్రిడ్జిలో డాక్టరేట్ పొందింది. ఇందులో ఆసక్తి లేనిదెవరికి? నోబెల్ బహుమతి అందుకున్న మేధావికి కూడా పితృస్వామ్యం కళ్ళు మూసింది.

మన తెలుగు స్త్రీ అయ్యలసోమయాజుల లలిత పద్దెనిమిదేళ్ళకే, నాలుగు నెలల బిడ్డతో భర్తని పోగొట్టుకుంది. 1940లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసింది. డిగ్రీ పత్రం మీద 'అతడు' అని అచ్చయి ఉంటే, కొట్టేసి 'ఆమె' అని రాసిచ్చారు. ఆమె పట్టుదల గొప్పదే. కానీ తండ్రి అదే కాలేజీలో ప్రొఫెసరన్న సంగతి, పుట్టింటివారు తోడు నిలబడ్డారన్న సంగతి మరిచిపోవద్దు. ఊళ్ళో జూనియర్ కాలేజీ లేని దళిత బాలికకి ఆ తోడు ఎవరివ్వాలి? అన్న కోచింగ్‌కి అప్పు చేసి, చెల్లెల్ని ఫీజు లేని కోర్సుకి సరిపెట్టే ఇంట్లో ఆమెని ఎవరు నిలబెట్టాలి?

ఇవాళ్టి లెక్కలు చూడండి. 2021-22 ఉన్నత విద్య సర్వే ప్రకారం సైన్సు చదువుల్లో విద్యార్థినులు 29.8 లక్షలు, విద్యార్థులు 27.4 లక్షలు. పరిశోధన రంగానికి వచ్చేసరికి, 2018 నాటికి స్త్రీలు సుమారు ఆరో వంతు మాత్రమే. 1942లో ఏర్పడ్డ సి.ఎస్.ఐ.ఆర్.కి తొలి మహిళా డైరెక్టర్ జనరల్ రావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. చదివినవాళ్ళు ఎటు పోయారు? పెళ్ళి చూపుల్లో అర్హతగా పనికొచ్చిన డిగ్రీ, బిడ్డ పుట్టాక పెట్టెలోకి చేరుతోంది. బిడ్డనెవరు చూస్తారన్న ప్రశ్న తండ్రిని ఏ ఇంటర్వ్యూలోనూ అడగరు.

ఇంజనీరింగ్‌లో ఇంకా అబ్బాయిలే ఎక్కువ. అయితే ఐ.ఐ.టి.ల సంగతి గమనించండి. 2016లో కొత్తగా చేరినవారిలో అమ్మాయిలు ఎనిమిది శాతం. 2018 నుంచి వాళ్ళకోసం అదనపు సీట్లు కల్పించారు. 2020 నాటికి వాళ్ళ వాటా ఇరవై శాతం దగ్గరికొచ్చింది. నాలుగేళ్ళలో ఆడపిల్లల మెదళ్ళు మారిపోయాయా? తలుపు కాస్త వెడల్పయింది, అంతే.

కాబట్టి అమ్మాయిలకి ఉపన్యాసాలు చాలిద్దాం. సంస్థల్ని అడుగుదాం. లైబ్రరీ, ల్యాబ్ వేళలు ఇద్దరికీ ఒకటేనా? రాత్రి తిరిగివెళ్ళడానికి బస్సుందా? యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 చట్టసవరణ చెప్పింది, ఉందా? లైంగిక వేధింపులపై 2013 చట్టం కోరిన కమిటీ కాగితం మీదేనా, కూర్చుంటోందా? ఎంతమంది స్త్రీలు చేరారు, అయిదేళ్ళ తర్వాత ఎంతమంది మిగిలారు?

ఆ సభలో నేను అమ్మాయిలకేమీ చెప్పలేదు. ప్రిన్సిపాల్‌గారిని గేటు వేళల గురించి అడిగాను. 'వాళ్ళ రక్షణ కోసమేనండీ' అన్నారు. భయపెట్టేవాళ్ళని వదిలేసి భయపడేవాళ్ళకి తాళం వేయడం రక్షణ ఎలా అవుతుందన్నాను. వెనక వరసల్లోంచి చప్పట్లు మొదలయ్యాయి. ఆ పిల్లలకి కావలసింది ప్రోత్సాహం కాదు, దారి.