రంగునీటికొక కొలత కావలెను

మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెలో నేయబడు పట్టుచీరలకు అందము చేకూర్చునది మగ్గమొక్కటియే కాదు, దానికి ముందు అద్దకపు తొట్టి యున్నది. పట్టునూలును సబ్బు, సోడా కలిపిన వేడినీట ఉడికించి, జిగురు పోగొట్టి, ఆమ్లము చేర్చిన రంగునీట ముంచి, పలుమారులు జాడించిన పిమ్మటనే ఆ వన్నె నిలుచును. నూలునకు పట్టక మిగిలిన రంగును, ఆమ్లమును, జిగురును మోసికొని తొట్టినీరు బయటికి పోవును. పెద్దమండ్యము మొదలు పుంగనూరు, కుప్పముల వరకు పరచుకొన్న ఈ మెట్టసీమలో ఆ నీటిని పలుచన చేయగల జీవనది లేదు. భూమిలో ఇంకినది ఏనాటికైనను బోరుబావిలో తేలవచ్చును. కావున ఆ నీటిని కొలుచుట మనకు ప్రాణావసరమని నా దృఢవిశ్వాసము.

కంటికి కనబడు రంగును వేరుగా కొలువనేలయని కొందరందురు. నేటి కృత్రిమవర్ణములలో అధికభాగము అజో తరగతికి చెందినవి. ప్రాణవాయువు సోకని బురదలో వాని నత్రజని బంధము తెగి రంగు మాయమైనను, ఆరోమాటిక్ అమీనులు మిగులును. వానిలో కొన్ని కేన్సరుకారకములు గనుకనే 1997లో భారత ప్రభుత్వము 70 అజో రంగులను నిషేధించినది. తేటపడిన నీరెల్ల నిర్దోషమని నమ్మరాదు. రంగు విరుగకముందే, కాలువ మొదటనే దానిని పట్టుకొనవలెను.

త్రాగునీటికి మన భారతీయ ప్రమాణము రంగునకు 5 హేజెన్ యూనిట్లను ఆమోదయోగ్య పరిమితిగా చెప్పుచున్నది. కాని ప్లాటినము, కోబాల్టు లవణములతో కూర్చిన ఆ కొలమానము పసుపు చాయకు ఏర్పడినది. గులాబి, నీలి అద్దకపునీరు దానికి లొంగదు. దృశ్యసంవేదకము ఈ కొరతను తీర్చగలదు. ప్రతి రంగును కాంతిలో తనదైన భాగమును మ్రింగును: మిథిలీన్ బ్లూ 664 నానోమీటర్ల చెంత ఎరుపు వెలుగును, రోడమిన్-బి 554 చెంత పచ్చని వెలుగును గ్రహించును. ఎంత మ్రింగినదో తెలిసిన, నీటిలో ఎంత రంగున్నదో లెక్కకు వచ్చును. చిన్న ఎల్.ఇ.డి. దీపము, గాజునాళిక, ఫోటోడయోడు – ఇవియే దాని ముఖ్యాంగములు. బురద వెలుగును చెదరగొట్టును గనుక నీటిని వడగట్టవలెను. విషమెంతయో ప్రయోగశాలయే తేల్చవలెను. ఈ పరికరము ముందుగా హెచ్చరించును, అదియే చాలును.

తమిళనాట తిరుప్పూరున నొయ్యల్ నది చెడిన పిమ్మట, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకపు కర్మాగారములను మూయించగా, వేలాది కార్మికుల కూడు పోయినది. కాలము మించిన పిదప వచ్చు న్యాయము పేదవానినే ముందు కొట్టును. నిరంతర పర్యవేక్షణ పరికరములను పెట్టుకొనుడని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించినది పెద్ద పరిశ్రమలను. ఇంటి వెనుక తొట్టి పెట్టుకొన్న అద్దకపువారు ఆ గణనకు రారు.

కావున నీరుగట్టువారిపల్లె కాలువల మొదట పురపాలకసంఘమే సంవేదకములు నిలిపి, కొలతలను వీధిలోని పలకపై దినదినము వ్రాయింపవలెను. 1915 నాటి బీసెంట్ థియొసాఫికల్ కళాశాల ఉన్న ఊరిలో ఈ పనికి విద్యార్థులు దొరకకపోరు. అద్దకపువారిపై జరిమానా వేయుటకు ముందే వారందరికి ఉమ్మడి శుద్ధికేంద్రము కట్టించి ఇయ్యవలెను; దాని వ్యయములో ఒక్క రూపాయియు నేతకాని కూలిలో కోయరాదు.