విత్తనం మనది, వివరం వాళ్లదా?



మా అమ్మ చేలోనే మంచి కంది మొక్కలు చూసి, విత్తనానికని గుర్తుగా గుడ్డపేలిక కట్టేది. ఆ కందుల్ని బూడిద కలిపి, వేపాకు వేసి కుండలో దాచేది. ఇలాంటి లక్షల చేతులు ఏరి నిలిపిన విత్తనాలే ఇవాళ పటాన్‌చెరు ఇక్రిశాట్ విత్తన నిధిలో ఉన్నాయి. అక్కడ లక్షకు పైగా నమూనాలు ఉన్నాయి. 2011లో కంది జన్యుక్రమాన్ని చదివి లోకానికి తెరిచి పెట్టిందీ ఇక్రిశాట్ బృందమే. దానితో మనకు తగాదా లేదు.

తగాదా ఇక్కడుంది. ఆ నిధి నుంచి గుప్పెడు గింజలు కావాలంటే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం షరతులకు ఒప్పుకోవాలి. అదే గింజ జన్యు వివరం కంప్యూటర్‌కెక్కాక ఏ దేశం కంపెనీ అయినా ఊరికే దించుకోవచ్చు. దానితో కొత్త రకం చేసి, పేటెంటు పుచ్చుకుని, మనకే అమ్మవచ్చు.

ఎర్రచందనం చూడండి. దుంగ కంటికి కనబడుతుంది, లారీ ఎక్కుతుంది, లెక్క దొరుకుతుంది. అందుకే జాతీయ జీవవైవిధ్య సంస్థ వాటా వసూలు చేసి మన ఆంధ్ర రైతులకూ కొంత ఇవ్వగలిగింది. జన్యు వివరానికి చెక్‌పోస్టు ఎక్కడ?

2024లో కొలంబియాలోని కాలి నగరంలో ప్రపంచ దేశాలు కూర్చుని ‘కాలి నిధి’ పెట్టాలని తీర్మానించాయి. ఈ వివరాలతో వ్యాపారం చేసే పెద్ద కంపెనీలు లాభంలో 1 శాతమో, రాబడిలో 0.1 శాతమో వేయాలట. అందులో కనీసం సగం ఆదివాసులకు, స్థానిక సమాజాలకు చేరాలట. వినడానికి బాగుంది. కానీ వేయకపోతే అడిగే నాథుడు లేడు, అంతా వాళ్ల ఇష్టం! మనకు బ్యాంకు అప్పు కట్టడం ఎప్పుడైనా ఇష్టాన్ని బట్టి ఉందా?

‘వాటా అడిగితే పరిశోధన ఆగిపోతుంది’ అని కొందరంటారు. పరిశోధనకు పైసా అడగడం లేదు. మన ప్రభుత్వ శాస్త్రవేత్తలకూ ఆ వివరాలు కావాలి. సరుకు అమ్మి డబ్బు చేసుకున్నవాడినే అడుగుతున్నాం.

మన డిమాండ్లు మూడు. కాలి నిధికి చెల్లింపు తప్పనిసరి కావాలి. పేటెంటు అడిగేవాడు వివరం ఏ దేశపు విత్తనానిదో చెప్పాలి. వాటాలో విత్తనం కాపాడిన రైతును పేరు పెట్టి లెక్కించాలి.

మన చేతిలోనూ ఒక పని ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఈ నెలలోనే వెళ్లి రిజిస్టరు చూపించమనండి. మన ఊరి రకాలు అందులో లేకుంటే రాయించండి. రేపు వాటా అడగడానికి కాగితం కావాలి.