అనుమతి విధి కాదు, పరిసంఖ్య

గత సంవత్సరం భద్రాచల క్షేత్రంలో ముక్కోటి ఏకాదశి 2025 డిసెంబరు 30వ తేదీన సంప్రాప్తించినది. ముందురోజు సాయంకాలం గోదావరీ జలాలలో తెప్పోత్సవం, మరునాటి ప్రత్యూషంలో ఉత్తరద్వార దర్శనం. ఉపవాసదీక్షలో ఉన్న భక్తులు 31వ తేదీ ఉదయం ద్వాదశీ పారణ చేసి కొందరు ఊళ్లకు తరలినారు, కొందరు రాపత్తు సేవల కొరకు నిలిచినారు. ఆ సేవలలో స్వామివారు సాయంసమయాన పట్టణమండపాలకు వేంచేసి పూజలందుకుంటారు. అదే రాత్రి ఆంగ్ల సంవత్సరాది వేడుక. మన రాష్ట్రంలో కొన్నేళ్లుగా ఆ రాత్రి మద్యం దుకాణాలకు అర్ధరాత్రి వరకు, బార్లకును, ప్రత్యేక అనుమతి పొందిన కార్యక్రమాలకును ఒంటిగంట వరకు వేళ పొడిగించుట ఆనవాయితీ అయినది. రెండు పంచాంగాలు ఒకే రాత్రి ఒకే వీధిలో ఎదురుపడినవి.

ఈ విషయమై ఆస్తికులలో రెండు వాదాలు వినబడుతున్నవి. మద్యాన్ని సమూలంగా నిషేధించవలెనని ఒకరు. రాజ్యవ్యవహారంలో అర్చకునకేమి పని, నీ ఘంట నీవు మోగించుకొమ్మని మరొకరు. ఈ రెండింటిలో ఏదియు శాస్త్రదృష్టికి నిలువదని నా అభిప్రాయం.

ముందుగా వ్యవహారం ఏమిటో తెలుసుకొందము. వివాహ విందులు, ఫంక్షన్ హాళ్లలో సభలు, రిసార్టులలో వేడుకలు, ఇట్టి వాటిలో ఒక్కరోజు మద్యం వడ్డించుటకు ఆబ్కారీ శాఖ ఒక తాత్కాలిక అనుమతి ఇస్తుంది. ఈవెంట్ పర్మిట్ అని, ఈపీ-1 అని దానికి వాడుక. దరఖాస్తు పెట్టి, రుసుము చెల్లిస్తే పత్రం చేతికి వస్తుంది. ఆ పత్రమిచ్చు శాఖ పేరు మద్యనిషేధ, ఆబ్కారీ శాఖ. నిషేధమును, రాబడియు ఒకే నామఫలకంపై సహవాసం చేస్తున్నవి! మద్యనిషేధ దిశగా రాజ్యం ప్రయత్నించవలెనని రాజ్యాంగం 47వ అధికరణం నిర్దేశిస్తున్నది. మద్యంపై అధికారమును, సుంకం విధించు హక్కును అదే రాజ్యాంగం రాష్ట్రాల జాబితాలో ఉంచినది. కనుక ఈ ద్వైధం గుమాస్తా దోషం కాదు, వ్యవస్థ గర్భంలోనే ఉన్నది.

ఇట్టి ద్వైధాన్ని మన పూర్వులు చూడకపోలేదు. మీమాంసకులు వాక్యాలను మూడు విధాలుగా విభజించినారు. అన్యథా తెలియని దానిని బోధించునది అపూర్వవిధి. పెక్కు మార్గాలుండగా ఒకదానినే స్వీకరింపుమనునది నియమం. వడ్ల పొట్టును గోళ్లతోనైనా తీయవచ్చును, కాని యజ్ఞంలో దంచియే తీయవలెనన్నట్లు. మూడవది పరిసంఖ్య. ఇది వినుటకు అనుమతివలె ఉంటుంది, తాత్పర్యం మాత్రం నివారణం. ఐదు గోళ్లు గల జంతువులలో ఐదింటిని మాత్రమే తినవచ్చునని ధర్మశాస్త్రం చెప్పినప్పుడు, ఆ ఐదింటిని తప్పక తినుమని కాదు. తక్కినవాటి జోలికి పోవద్దని. కిష్కింధాకాండలో బాణాహతుడైన వాలి శ్రీరాముని నిలదీయుచు ఈ న్యాయాన్నే ఎత్తిచూపుతాడు. వానరమాంసం ఆ ఐదింటిలో లేదు గదా, నన్నెందుకు కొట్టితివని. ఆ వాదం నెగ్గినదా లేదా అన్నది వేరు. అనుమతివాక్యాన్ని ఎట్లు చదువవలెనో వానరరాజునకును తెలుసునన్నది ఇక్కడ గ్రహింపదగినది.

మద్యం విషయంలోనూ ఇదే రీతి. సురాపానాన్ని పంచమహాపాతకాలలో చేర్చిన సంప్రదాయమే సౌత్రామణీ యాగంలో సురాగ్రహాన్ని చెప్పినది. ఇది పరస్పరవిరుద్ధమని నవ్వేవారు ఉన్నారు. శ్రీమద్భాగవతం ఏకాదశస్కంధంలో దీనికి సమాధానమున్నది. స్త్రీసంగమం, మాంసం, మద్యం, వీటిపై జీవులకు స్వభావసిద్ధంగానే ప్రవృత్తి ఉన్నది, దానికి ప్రేరణ అక్కరలేదు. వివాహం, యజ్ఞం, సురాగ్రహం అను కట్టుబాట్లతో శాస్త్రం వాటికి హద్దు గీచినది. దాని అభీష్టం నివృత్తియే. కాలాంతరంలో నిబంధనకారులు ఆ సురాగ్రహాన్ని సైతం కలివర్జ్యాలలో చేర్చి ఉన్న కొద్ది ద్వారాన్ని మూసివేసినారు.

రాజనీతిలో ఇంకొక అడుగు ముందుకు వేద్దాము. కౌటిలీయ అర్థశాస్త్రం రెండవ అధికరణంలో సురాధ్యక్షుడను అధికారి ఉన్నాడు. ఉత్సవాలు, సమాజాలు, యాత్రలు జరుగునప్పుడు నాలుగు దినాల పాటు సురావిక్రయానికి అనుమతినీయవచ్చునని అక్కడ స్పష్టంగా ఉన్నది. అనుమతి లేకుండ అమ్మినవానినుండి ఆ వేడుక ముగియు వరకు ఏ రోజుకారోజు దండం వసూలు చేయవలెనని కూడ ఉన్నది. అనగా ఈనాటి ఈవెంట్ పర్మిట్ పాశ్చాత్యులు తెచ్చిపెట్టినది కాదు. తాత్కాలిక మద్యానుమతి మన రాజనీతికి చిరపరిచితమే. ఇది చదివి కొందరు భక్తులు నొచ్చుకొనవచ్చును. కాని ఆ ప్రకరణం మొత్తం చదువుడు. మద్యం గ్రామం దాటి పోరాదు. అంగళ్లు గుంపుగా ఒకచోట చేరరాదు. నడవడి తెలిసిన శుచిమంతులకు మాత్రమే కొద్ది కొలతగా బయటికి ఈయవలెను, తక్కినవారు అక్కడే త్రాగవలెను. వచ్చిపోవువారిపై చారుల కన్ను ఉండవలెను. ఖజానా కొరకు ఎంతటి నిర్దయమైన ఉపాయాన్నైనా చెప్పుటకు వెనుదీయని కౌటిల్యుడు సైతం అనుమతిని నాలుగు దినాలతో కట్టినాడు. అది పరిసంఖ్య.

మనవారు ఇప్పుడు చేస్తున్నది వేరు. రుసుము చెల్లించిన ప్రతివానికి లభించవలసిన సేవగా అనుమతి మారినది. ఎన్ని పత్రాలు ఇస్తే అంత ఆదాయం. నివారణ తాత్పర్యం గల వాక్యాన్ని విధివాక్యంగా చదువుటయే ఇందలి దోషం.

దేశం సంగతి చూడుడు. దేవాలయం, పాఠశాల, ఆసుపత్రి, వీటికి 100 మీటర్ల లోపున మద్యం దుకాణం ఉండరాదని ఆబ్కారీ నిబంధన. మంచిదే. జాతీయ, రాష్ట్ర రహదారుల విషయంలో సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న 500 మీటర్ల దూరం విధించి, 2017 మార్చి 31న చిన్న ఊళ్లకు దానిని 220 మీటర్లకు సడలించినది. వాహనచోదకునికి ఇచ్చిన దూరం భగవంతునికి ఇచ్చినదానికంటె ఎక్కువ. ప్రాణరక్షణకై కనుక ఆక్షేపించను. నా ఆక్షేపణ అన్యత్ర ఉన్నది. ఆ నిబంధనలో ప్రార్థనాస్థలమనగా దేవాదాయ శాఖలో నమోదైన దేవాలయమని నిర్వచనం. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాద్రికి వచ్చు త్రోవలో ఎన్ని గ్రామాలలో ఎన్ని రామాలయాలున్నవి! గ్రామస్థులు చందాలు వేసి కట్టుకొన్న భజన మందిరాలు, వేపచెట్టు క్రింది ముత్యాలమ్మ గద్దెలు, అడవి అంచున కోయల వేల్పుల నెలవులు. వీటిలో నమోదైనవి ఎన్ని? నమోదు కాని దేవుడు ఆ నిర్వచనానికి అందడు. పైగా ఆ దూరం దుకాణాన్ని ఉద్దేశించి చెప్పినది. ఒక్క రాత్రి సభకు అదే కొలత వర్తించునని అనుమతి పత్రం మీదనే స్పష్టపరచవలెను.

మా ప్రాంతంలో ఒక చిన్న గుడికి ఎదురుగానే ఒక హాలు వెలసినది. శనివారం రాత్రి ఏకాంతసేవ వేళ అక్కడ విందు, ధ్వనివర్ధకాలు, సీసాలు. అర్చకుడు వెళ్లి అడిగితే వారు మర్యాదగానే పత్రం చూపించినారు. పత్రం సక్రమమే. ఆ పత్రమిచ్చు ముందు ఎదుట గుడి ఉన్నదా అని ఎవరును అడుగలేదు, ఎందుకనగా అడుగుటకు ఆ దరఖాస్తులో గడియే లేదు. ఇందులో ఏ వ్యక్తిని నిందించగలము?

కాలం సంగతి ఇంకను సులువైనది. శాంతిభద్రతల దృష్ట్యా దుకాణాలను మూయించు అధికారం 1968 నాటి ఆబ్కారీ చట్టం 20వ సెక్షన్ క్రింద ఉన్నది. భాగ్యనగరంలో గణేశ నిమజ్జనానికి, శ్రీరామనవమి శోభాయాత్రకు పోలీసు అధికారులు దానినే ప్రయోగిస్తున్నారు. అక్కడ కారణం గొడవలు జరుగునేమో అన్న భయం. గొడవ చేయని భక్తునికి, నిశ్శబ్దంగా ఉపవసించువానికి, తడిబట్టలతో గోదావరి మెట్లెక్కు ముసలమ్మకు ఆ సెక్షన్ క్రింద రక్షణ ఏది? శాంతికి భంగం కలిగించగల సమూహానికే శాంతి లభించుట విచిత్రమైన న్యాయం.

ఇక అడవి సంగతి. ఇక్కడ నా తోటి వైష్ణవులలో కొందరితో నాకు భేదమున్నది. భద్రాచలం ఐదవ షెడ్యూలు ప్రాంతం. ఈ రామమూర్తులను తొలుత కనుగొని, తాటాకు పందిరి క్రింద పండ్లు నివేదించినది పోకల దమ్మక్క అను కోయ భక్తురాలని మన స్థలపురాణం. కంచర్ల గోపన్న గోపురం కట్టించినది ఆ తరువాతి మాట. ఆమె జాతివారు తమ వేల్పులకు ఇప్పసారా ధారపోస్తారు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు బెల్లంతో పాటు సారా సమర్పించుట తరతరాల మ్రొక్కు. పాంచరాత్ర దీక్ష గల నా వంటివాడు దానిని ముట్టడు. ముట్టనంత మాత్రాన దానిని వైన్ షాపు సీసాతో ఒకే గాట కట్టగలనా? ఇప్పపూవు రాలు ఋతువును బట్టి, వేల్పు కొలుపును బట్టి, కులపెద్దల ఎదుట, తమ చేతులతో కాచి, తొలిచుక్క నేలకు సమర్పించి స్వీకరించునది ఆ పానం. దేశం, కాలం, కర్త, మాత్ర, అన్నియు అందులో నిర్ణీతములు. శాస్త్రజ్ఞులమని చెప్పుకొను మనకంటె వారే పరిసంఖ్యను బాగుగా పాటిస్తున్నారేమో! జాతర పేరు చెప్పి నగరం నుండి లారీలలో దిగు సీసాలకు ఆ మర్యాద ఏదీ లేదు.

మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2025 ఏప్రిల్ 1 నుండి ఉజ్జయిని, ఓంకారేశ్వరం, ఓర్ఛా మొదలైన పుణ్యక్షేత్రాలలో మద్యవిక్రయాన్ని నిలిపివేసినది. ఓర్ఛాలో శ్రీరాముడు రాజుగానే పూజలందుకుంటాడు కనుక మనకు ఆ వార్త మరింత ప్రీతి కలిగించినది. కాని ఉజ్జయినిలోనే కాలభైరవునకు మద్యం నైవేద్యం. ఒకే కొలబద్దతో క్షేత్రమంతటిని కొలువరాదనుటకు ఇంతకంటె నిదర్శనం వలదు.

సంపూర్ణ నిషేధం మన తెలుగువారికి క్రొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో స్త్రీలు కొంగు బిగించి సారా అంగడిని మూయించినారు. ఆ ఉద్యమం వలన 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో అది సడలినది. ఖజానా లోటు, సరిహద్దుల గుండా అక్రమ రవాణా, నాటుసారా, కారణాలు అనేకం చెప్పినారు. ఆ తల్లుల త్యాగానికి శిరసు వంచుతాను. అయినను, పక్కనే సరిహద్దులుండగా నిషేధం ఎట్లు కారిపోవునో ఈ ప్రాంతవాసులకు ఎవరును బోధింపనక్కరలేదు. భద్రాచలం పట్టణం దాటి నాలుగడుగులు వేస్తే ఎటపాక. 2014 విభజన నాటినుండి అది ఆంధ్రప్రదేశ్. కొద్ది దూరం పోతే ఛత్తీస్‌గఢ్, ఆవల ఒడిశా. ప్రతి రాష్ట్రానికి వేరు ఆబ్కారీ విధానం. ఇక్కడ నిరాకరించిన సభ అక్కడ జరుగుతుంది, త్రాగినవాడు మన వంతెన మీదుగానే ఇంటికి వస్తాడు.

కనుక కోరవలసినది నిషేధంకంటె చిన్నది, సాధ్యమైనది. షెడ్యూలు ప్రాంతాలలో మత్తుపదార్థాలను నిషేధించు, నియంత్రించు, పరిమితపరచు అధికారం గ్రామసభలకు, పంచాయతీలకు ఉండవలెనని 1996 నాటి పీసా చట్టం చెప్పుచున్నది. దుకాణం విషయమై తీర్మానం అడుగుట కొంతవరకు విన్నాము. ఒక్కరోజు అనుమతికి సైతం గ్రామసభ మాట వినవలెను. ప్రతి సభకు గ్రామసభను సమావేశపరచుట కుదరదని అధికారులు అనవచ్చును, ఆ మాటలో న్యాయమున్నది. సంవత్సరానికొకసారి కూర్చుండి, ఏ స్థలాలలో, ఏ తిథులలో అనుమతి కూడదో ఒక పట్టిక నిర్ణయించి పంపితే చాలును. ఆ పట్టికలో రామాలయంతో పాటు కోయల వేల్పుల గద్దె, మసీదు, చర్చి కూడ ఉండవలెను, నమోదు సంఖ్య ఉన్నను లేకున్నను. ఆదివాసీ కుటుంబం కొలుపు కొరకు కాచుకొను పానం అమ్మకం కాదు కనుక ఈ పట్టిక దానిని తాకరాదు.

భక్తులు సైతం ఒక పని చేయవలసి ఉన్నది. ఆలయాల ఉత్సవ తిథులు ఉగాది పంచాంగంతోనే నిశ్చయమవుతవి. ముక్కోటి ఏనాడో, కల్యాణం ఏనాడో, రాపత్తు ఎన్నాళ్లో మనకు నెలల ముందే తెలుసును. ఆ జాబితాను వ్రాతపూర్వకంగా జిల్లా ఆబ్కారీ కార్యాలయానికి, కలెక్టరు కార్యాలయానికి అందజేసిన ఆలయ కమిటీలు ఎన్ని? సభ జరిగిన మరునాడు సీసాలు ఏరుచు వాపోవుటకంటె, దరఖాస్తులు రాకముందే ఒక కాగితం ఇచ్చి రసీదు తీసుకొనుట మేలు. 2027లో గోదావరి పుష్కరాలు. పన్నెండు దినాలు రేవులలో లక్షల జనం ఉంటారు. ఘాట్లకు, మరుగుదొడ్లకు, బస్సులకు ప్రణాళికలు సిద్ధమవుతవి. హోటళ్లు, హాళ్లు కూడ వేడుకలకు ముందుగానే సిద్ధమవుతవి. పుష్కర దినాలలో నదీతీర గ్రామాలలో తాత్కాలిక మద్యానుమతులు ఈయరాదని గ్రామసభలు తీర్మానించుటకు ఇది తగిన సమయం. తీర్మానం నమూనా ఒకటి వ్రాసి పెట్టుచున్నాను. కోరిన ఆలయ కమిటీలకు పంపగలను.