టీకా తేదీ పక్కనే ఎకో తేదీ కూడా రాయాలి

"గుండెకు చిల్లుందంట, పెద్దయ్యేకొద్దీ అదే పూడుకుంటుందంట." ఏఎన్ఎంగా ఊళ్లు తిరిగే నాకు ఈ మాట కొత్త కాదు. చిక్కేమిటంటే, ఇందులో సగం నిజముంది. పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఎక్కువగా కనబడేది గుండె కింది గదుల మధ్య గోడకు పడే రంధ్రం. చిన్నదైతే చాలామందిలో దానంతటదే మూసుకుపోతుంది. పెద్దది మూసుకోదు. ఏది ఎంతో తేల్చాల్సింది గుండెను స్కాన్ చేసే ఎకో పరీక్షే, ఇరుగుపొరుగు కాదు.

పెద్ద రంధ్రమున్న బిడ్డ పాలు తాగే తీరు చూడండి. రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేస్తుంది, రొప్పుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఫ్యాను కింద కూడా నుదుటి మీద చెమట. డొక్కలు ఎగరేస్తుంటుంది. త్రాసు ముల్లు పోయిన నెల ఎక్కడుందో అక్కడే. ఇంట్లోవాళ్లు తల్లికి పాలు చాలడంలేదంటారు, తాయెత్తు కడతారు. లోపల మాత్రం ఎడమ గదిలోని రక్తం చిల్లులోంచి కుడివైపుకు దూకి ఊపిరితిత్తుల మీద పడుతుంటుంది. మాటిమాటికీ నిమోనియా అందుకే. ఇలాంటి బిడ్డకు మామూలుగా ఏడాదిలోపే ఆపరేషన్ చేసి అతుకు వేస్తారు. ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు బిరుసెక్కి, రక్తం ఎదురు తిరిగి, పెదాలు నీలమవుతాయి. ఆ దశలో చిల్లు మూస్తే ప్రాణానికే ముప్పు.

ఆడపిల్లయితే ఇంకో అడ్డు. "గుండెల మీద గాటు పడితే రేపు దాన్నెవరు చేసుకుంటారు సిస్టరమ్మా?" అని ఒక తాత నన్నే నిలదీశాడు. అన్ని చిల్లులకూ గాటు అక్కర్లేదు. గుండె పై గదుల మధ్య రంధ్రాలను చాలావరకు ఇప్పుడు ఛాతీ కోయకుండానే మూస్తున్నారు. తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం పంపి, గొడుగులా విచ్చుకునే పరికరాన్ని అక్కడ బిగిస్తారు.

డబ్బు సంగతికొస్తే, 2007లో ఉచిత చికిత్సకు ఆరోగ్యశ్రీ వచ్చింది, ఇప్పుడు మా ఆంధ్రప్రదేశ్‌లో అదే ఎన్టీఆర్ వైద్యసేవ. తిరుపతిలో పిల్లల కోసమే శ్రీ పద్మావతి హృదయాలయం 2021లో మొదలైంది. అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చి పిల్లల్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే బృందాలున్నాయి. అయినా జారిపోతున్నది "ఆర్నెల్లాగి రండి" అని డాక్టరు పంపేసిన బిడ్డ. తల్లిదండ్రులు కూలికి బెంగళూరు వెళ్లిపోతారు, ఎకో కాగితం ఇంట్లో పెట్టెలో ఉండిపోతుంది. టీకా తప్పితే నా రిజిస్టరు పట్టిస్తుంది, ఫోన్ చేసి పిలిపిస్తాను. ఎకో తప్పితే అడిగే దిక్కు లేదు.

అందుకే తల్లీబిడ్డల కార్డులో టీకాల వరస కిందే మరుసటి ఎకో తేదీ రాయాలి. ఆ తేదీ దాటకుండా చూసే బాధ్యత మాకు రాతపూర్వకంగా అప్పజెప్పాలి. ఇంకో పని తగిలించావా అని మావాళ్లే నన్ను తిడతారని తెలుసు. కానీ ఐదు వేల జనాభా ఉన్న సబ్‌సెంటర్‌లో ఇలాంటి పిల్లలు ఏటా ఒకరుంటే ఎక్కువ. వంద టీకాల తేదీలు మోసేవాళ్లం, ఇదొక్కటి మోయలేమా?