డిగ్రీలో ఏ కోర్సు? ముందు పిల్లల్ని అడిగామా?

ఇంటర్ ఫలితాలు రాగానే మన బస్తీల్లో మీసేవా, ఇంటర్నెట్ సెంటర్ల ముందు రద్దీ మొదలవుతుంది. చేతిలో మార్కుల మెమో, ఆధార్ కార్డు, ఓటీపీ కోసం అబ్బా ఫోను. 'దోస్త్'లో వెబ్ ఆప్షన్లు పెట్టాలి. కంప్యూటర్ ముందున్న కుర్రాడు "ఏ కోర్సు?" అని అడిగితే చాలాసార్లు జవాబు చెప్పేది విద్యార్థి కాదు. "బీకాం కంప్యూటర్స్ పెట్టు భాయ్, దగ్గర్లో ఏ కాలేజీ ఉంటే అది" అంటారు వెంట వచ్చిన పెద్దలు. పావుగంటలో పని అయిపోతుంది. కానీ దాని ఫలితం మూడేళ్లు, ఆరు సెమిస్టర్లు మోయాల్సింది మాత్రం ఆ పిల్లలే.

తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ అడ్మిషన్లు దోస్త్ ద్వారానే జరుగుతున్నాయి. ఏటా ఎక్కువ మంది చేరేది కామర్స్‌లోనే. ఇందులో తప్పేం లేదు. ట్యాలీ, జీఎస్టీ, బ్యాంకు పరీక్షలు, అకౌంట్స్ ఉద్యోగాలు అన్నీ ఉన్న కోర్సు అది. లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లకు మంచి దారి. చిక్కల్లా ఇష్టం లేకుండా చేరినవాళ్లతోనే. బాటనీ ఇష్టపడే అమ్మాయి, చరిత్ర పుస్తకం వదలని అబ్బాయి జర్నల్ ఎంట్రీల దగ్గర కూర్చుంటే మొదటి సెమిస్టర్‌లోనే బ్యాక్‌లాగ్‌లు మొదలవుతాయి. ఆ తర్వాత క్లాసుకు వెళ్లాలనిపించదు.

పెద్దల భయాలు మాత్రం ఉత్తవి కావు. ఆడపిల్ల రెండు బస్సులు మారి వెళ్లాలంటే ఏ అమ్మీకైనా గుబులే. పైగా ఫీజు సంగతి. రీయింబర్స్‌మెంట్‌కు మైనారిటీ కుటుంబాల ఆదాయ పరిమితి ఊళ్లలో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. అర్హత ఉన్నా సర్కారు డబ్బు సకాలంలో రావట్లేదు. ఈ బకాయిల కోసమే 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. కోర్సు పూర్తయ్యాక "ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లండి" అని కాలేజీ అంటే, పీజీ సీటు వచ్చినా చేరలేని పరిస్థితి. దగ్గర కాలేజీ, తెలిసిన కోర్సు అని పెద్దలు అనడానికి కారణం ఇదే.

అయితే ఈ భయానికి మందు పిల్లల ఇష్టాన్ని పక్కన పెట్టడం కాదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఫీజు తక్కువ, సర్టిఫికెట్ల గొడవ కూడా తక్కువ. వాటిని ఆప్షన్లలో పైన పెట్టొచ్చు. కాలేజీ నచ్చి కోర్సు నచ్చకపోతే, అదే కాలేజీలో కోర్సు మారడానికి దోస్త్‌లో ఇంట్రా కాలేజ్ విడత ఉంటుంది. చాలా ఇళ్లకు ఈ సంగతే తెలియదు. అలాగని చివరిదాకా ఆగి స్పాట్ అడ్మిషన్‌లో చేరితే రీయింబర్స్‌మెంట్ వర్తించదు.

ఇక క్యాంపస్ జీవితం. మన పిల్లల్లో చాలామందికి కాలేజీ అంటే 75 శాతం హాజరు, అంతే. క్లాసు అవగానే అబ్బాయి దుకాణానికి, అమ్మాయి ఇంటికి. లైబ్రరీ, ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ, సెమినార్లు వేరేవాళ్ల కోసం అన్నట్టు ఉంటుంది. కానీ ఏ సబ్జెక్టు మీద మనసుందో తెలిసేది తరచూ అక్కడే. లైబ్రరీలో చేతికొచ్చిన పుస్తకమో, లెక్చరర్ చెప్పిన ఒక్క మాటో దారి చూపిస్తుంది. వారంలో రెండు రోజులు ఇంకో గంట కాలేజీలో ఉండనిస్తే ఇంటికి పోయేదేమీ లేదు.

దేశం మొత్తం లెక్క చూస్తే సంగతి ఎంత బరువైనదో అర్థమవుతుంది. 2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం కాలేజీలు, యూనివర్సిటీల్లో ముస్లిం విద్యార్థులు సుమారు 21 లక్షలు. మొత్తం విద్యార్థుల్లో 5 శాతం కూడా లేరు. 2011 జనాభా లెక్కల్లో మన వాటా 14 శాతం. ఇంత తక్కువ మంది గేటు దాటుతున్నప్పుడు, దాటినవాళ్లలో ఒక్కరు మధ్యలో ఆగిపోయినా నష్టం పెద్దదే.

అందుకే సెంటర్‌కు వెళ్లే ముందు రోజు రాత్రి, ఇషా తర్వాత, దస్తర్‌ఖాన్ దగ్గరే ఈ మాట తేల్చుకోవాలి. "బేటా, నీకు ఏ సబ్జెక్టు చదువుతుంటే టైమ్ తెలియదు?" అని అడగాలి. బస్సు సంగతి, ఫీజు సంగతి ఆ తర్వాత కలిసి మాట్లాడుకోవచ్చు. ఆప్షన్లు ఎవరు టైప్ చేసినా ఫర్వాలేదు, ఎంచుకునేది మాత్రం చదివేవాళ్లే కావాలి.